గోపాల్ సాన సైకిల్

గోపాల్ పోయింది సోమవారం. బొగ్గుగనిలోకి కార్మికులను దించే బండిని ఇనుప తాడుకు కలిపే పిన్ను ట్రయల్ రన్‌లో విరిగింది. బండిలో అతనొక్కడే. అతను గూఢచారి అని అక్కడ ఎవరికీ తెలియదు, వాళ్లకు అతను రాజేశం అనే ఫిట్టర్. ఆ మారుపేరుతోనే దహనం జరిగింది. బోథ్‌లో ఉన్న అవ్వ బుచ్చవ్వకు తెలిసినంతవరకు కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు.

గురువారం కరీంనగర్‌లో చీఫ్ నాగరాజు ఏజెంట్ అంతయ్యకు బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"విదేశీ ముఠా పని. అల్లాయ్ స్టీల్ పిన్నులు తీసి పోత ఇనుపవి పెడుతుండ్రు. పైన రంగు ఒక్కటే. విరిగిన పిన్ను మాయమైంది. రుజువు లేనిదే గని ఆపరు. రేపు పొద్దున ఏడింటికి అరవై మంది దిగుతరు."

"ఇంకో పిన్ను తెప్పించి ల్యాబుకు పంపితే?"

"రిపోర్టుకు రెండు రోజులు పడ్తది. గోపాల్ నేర్పిన ల్యాబ్ నీ దగ్గరున్నది గదా, అంతయ్యా."

గోపాల్ కమ్మరింటి బిడ్డ. సాన మీద లేచే రవ్వలు చూసి ఏ ఇనుమో చెప్పేవాడు. సాన రాయి బిగించిన అతని సైకిల్ ఇప్పుడు అంతయ్యది. మర్నాడు ఆరు నలభైకి అంతయ్య గని గేటు ముందు కత్తులకు సాన పట్టేవాడి వేషంలో కూర్చున్నాడు. రెండు చాయలు చెప్పాడు. రెండోది, గోపాల్‌ది, చల్లారిపోయింది.

ఆరు యాభై ఐదుకు అలేఖ్య వచ్చింది. నల్లద్దాలు, పట్టుచీర, సెంటు వాసన. స్టోర్స్ ఇంజినీర్. ఆమె తమ మనిషే అని ముఠా నమ్ముతుంది. డిపార్ట్‌మెంటూ అంతే.

"కాకా, కొడవలి మొద్దుబారింది."

"కోతలు అయిపోయినయ్ గద బిడ్డా."

కోడ్ సరిపోయింది. టిఫిన్ డబ్బాలోంచి పిన్ను తీసింది. "ఇయ్యాల బండికి పెట్టినయి గిది దొరికిన పెట్టెలయే. నా మీద నమ్మకమున్నదా?"

"రవ్వల మీదున్నది."

సాన తిరిగింది. మంచి ఉక్కయితే రవ్వలు పొడుగ్గా, పచ్చగా సాగాలి. ఇవి పొట్టిగా, ఎర్రగా లేచి రాయి దగ్గరే ఆరిపోయాయి. ఉక్కు విరిగే ముందు కొంచెం సాగుతుంది, దూకడానికి మనిషికి ఒక క్షణం ఇస్తుంది. పోత ఇనుము ఏమీ చెప్పదు.

"పోత ఇనుమే. గంట కొట్టు!"

అలేఖ్య పరుగెత్తి గేటు పక్కన సిగ్నల్ తాడు లాగింది. ఒక్క గంట. గనిలో ఒక్క గంటంటే ఆగమని. కదలబోయిన బండి ఆగింది.

"గిప్పుడేం పరేషానే? చీర చూపిచ్చుటానికా?" బండిలోంచి ఎవరో అరిచారు. అరవై మంది నవ్వారు. స్టోర్స్ వెనక గోడ దూకిన ముఠా మనుషులు ఇద్దరూ పోలీసుల చేతుల్లో పడ్డారు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శెభాష్. మిషన్ క్లోజ్."

"గోపాల్ వాళ్ల అవ్వకు?"

"దుబాయ్ కథ చెప్పుటానికి ఫారం ఉండె. ఆపుటానికి లేదు."

గోపాల్ ప్రతి శుక్రవారం అవ్వకు ఫోన్ చేసేవాడు. ఇవాళ శుక్రవారం. బుచ్చవ్వకు ఇంకా ఎవరూ చెప్పలేదు.