వందేళ్ల తర్వాత మా వాళ్ళేరీ?

కథ చదవడం పూర్తిచేసి, చప్పట్ల కోసం ఆగాను. చప్పట్లు రాలేదు. మూడో వరసలోంచి ఒక చెయ్యి మాత్రం లేచింది.

"చిన్న సందేహమండీ. మీ కథలో సముద్రం పోటు రోజూ పొద్దున ఆరింటికే ఎలా వస్తుంది?"

బందరు లైబ్రరీలో ఆదివారం ఆదివారం సైన్స్ ఫిక్షన్ కథలు చదువుకునేవాళ్ళు ఓ పదిహేనుమంది ఉన్నారు. ఆ గుంపులో నేను కథ చదవడం అదే మొదలు. మూడు నెలలు చెమటోడ్చి రాసింది. రెండు వేల నూట ఇరవై అయిదో సంవత్సరంలో సముద్రం మా మొవ్వ దాకా వచ్చేసింది. నా హీరో రోజూ ఆరింటి పోటుకి పడవ వేసుకుని, మునిగిన ఊరి డాబా మీదున్న హీరోయిన్ దగ్గరికి వెళ్తాడు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారని నా ధీమా.

"ఎందుకు రాకూడదండీ?" అన్నాను.

"రోజుకి రెండు ఘడియలు ఆలస్యమవుతుంది కనక. అంటే దగ్గర దగ్గర యాభై నిమిషాలు. వారం తిరిగేసరికి మీ హీరో బురదలో తెడ్డు వేస్తుంటాడు పాపం."

పద్నాలుగుమందీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇది కల్పనండీ!"

"చంద్రుణ్ణి పేల్చేశామని ఒక్క మాట రాయండి, ఒప్పేసుకుంటాను. చంద్రుణ్ణి అక్కడే ఉంచి ఆరింటికే పోటు రమ్మంటే ఎలాగండీ?"

తప్పు ఎక్కడ జరిగిందో నాకప్పుడే తెలిసిపోయింది. నేను కాలవ కింద పుట్టినవాణ్ణి. మా ఊళ్ళో నీళ్ళకి వంతులుంటాయి. మా చేనుకి ఆరింటికి వంతంటే ఆరింటికే నీళ్ళు. సముద్రం కూడా వంతు ప్రకారం వస్తుందనుకుని రాసేశాను. తెలిసింది కదా అని ఒప్పుకునే రకం కాదు నేను. మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాను.

మీటింగు అయ్యేసరికి వాన. వరండాలో ఆ పోటు ప్రశ్న అడిగినావిడా నేనూ చిక్కుకుపోయాం. వానకి ఎవరెవర్ని ఎక్కడ నిలబెట్టాలో బాగా తెలుసు.

"కోపమొచ్చిందా?" అంది ఆవిడ. "నా పేరు కనకదుర్గ. ఇక్కడే డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఈ కథలన్నీ కలిపి పుస్తకం వేస్తున్నాం. ముందుమాట రాసేది, కథలు ఏరేది నేనే."

"నేను చిన్నబాబు. గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూస్తాను. అయితే నా కథ అవుటేగా?"

"మీరు రాసింది ఏ రకమో చెప్పండి ముందు."

"సైన్స్ ఫిక్షన్."

"అందులో బోలెడు రకాలు. లెక్క తప్పకుండా నడిస్తే హార్డ్. మనుషుల మీద చూపుంటే సాఫ్ట్. గ్రహాలూ గ్రహాలూ కొట్టుకుంటే స్పేస్ ఒపేరా. కంప్యూటర్లూ కంపెనీలూ రాజ్యం ఏలితే సైబర్‌పంక్. ఇలా ఊళ్ళు మునిగితే క్లైమేట్ ఫిక్షన్. మీది అదే, కాకపోతే సముద్రాన్ని చూడకుండా రాసిన క్లైమేట్ ఫిక్షన్."

నేను నోరు తెరిచేలోగా ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"పోటు తప్పు దిద్దుకోవచ్చండీ. నా బాధ అది కాదు. మీ కథలో రైతులున్నారు, ఇంజనీర్లున్నారు, ఆఖరికి రోబోలు కూడా ఉన్నాయి. మా నాన్న గిలకలదిండిలో చేపల బోటు నడిపే సరంగు. సముద్రం మొవ్వ దాకా వచ్చిందన్నారు, సముద్రం మీద బతికే మనిషి ఒక్కడూ కనపళ్ళేదు. వందేళ్ల తర్వాత మా వాళ్ళేరీ?"

 వాన తగ్గకముందే బస్టాండుకి పరిగెత్తాను. మొవ్వ చేరేదాకా ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మరుసటి శనివారం గిలకలదిండి రేవులో దిగాను. దుర్గ నన్ను చూసి ఆశ్చర్యపోయినా బయటపడలేదు. వాళ్ళ నాన్న గంగన్నగారికి చూపించి, "నాన్నా, ఈయనకి పోటు నేర్పాలి," అంది.

"వాచీ తీసి జేబులో పెట్టు బాబూ," అన్నాడాయన. "ఇయ్యాళ తిథేంటి?"

తెల్లమొహం వేశాను. అక్కణ్ణించి మొదలు నా చదువు. పున్నమి నాడు పొద్దున తొమ్మిదికి పోటు. అక్కణ్ణించి తిథికి రెండేసి ఘడియలు కలుపుకుంటూ పోవాలి. కాలవ సముద్రంలో కలిసే మొగలో ఇసక మేట వేసింది కాబట్టి నిండు పోటు మీద తప్ప బోటు లోపలికి రాదు. గంటలకి గంటలు బోటు బయట ఆగితే, ఒడ్డున ఆడవాళ్ళు బుట్టలు బోర్లించుకుని వాటి మీద కూర్చుంటారు. నేనూ దుర్గా అలాగే కూర్చునేవాళ్ళం.

తన ముందుమాట నాకు చదివి వినిపించేది. మొదట్లో చంద్రుడి మీదికి ప్రయాణాల కథలు. మిల్లులూ యంత్రాలూ వచ్చాక యంత్రం తిరగబడే కథలు. చవక కాగితం పత్రికల నిండా గ్రహాంతరవాసులు. అణుబాంబు పడ్డాక లోకం అంతమైపోయే కథలు. ఇప్పుడు ఉప్పెనలూ ఎండలూ.

"చూశారా, మనుషులు ఎప్పుడు దేనికి భయపడితే అప్పుడు ఆ కథ రాసుకున్నారు," అంది ఓరోజు.

'మరి ఎదురుగా కూర్చున్న అమ్మాయికి భయపడేవాడు ఏం రాయాలి?' అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. తలూపాను.

వెళ్ళినప్పుడల్లా గంగన్నగారు ఓ చందువ చేపో వంజరమో చేతిలో పెట్టి పంపేవాడు. ఆరు వారాలు గడిచాయి. కథ నాలుగుసార్లు తిరగరాశాను. ఇప్పుడు అందులో ఒక ముసలి సరంగు ఉన్నాడు. మునిగిన ఊళ్ళ మధ్య దారి తెలిసినవాడు వాడొక్కడే. ఆ కథని పుస్తకంలోకి తీసుకున్నానని దుర్గ చెప్పిన రోజు నేను గాల్లో తేలాను. ఆ వెంటనే ఆమె అంది:

"నాగాయలంక నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళకి రెండు బోట్లున్నాయి. నాన్న చేపల వేటకెళ్తున్నాడు, విదియ నాటికి వచ్చి మాటిచ్చేస్తానన్నాడు." కాస్త ఆగింది. "మీరేమంటారు?"

వద్దని అరవాలనిపించింది. నోట్లోంచి మాత్రం, "మంచి కబురేగా. పుస్తకం అప్పటికి వచ్చేస్తుందా?" అన్న మాట వచ్చింది. నా అంత తెలివితక్కువవాడు జిల్లాలో ఉండడు.

దుర్గ లేచి చీర దులుపుకుంది. "వందేళ్ల తర్వాత ఏమవుతుందో పేజీలకి పేజీలు రాస్తారు. వచ్చే వారం సంగతి అడిగితే పుస్తకం అంటారు!"

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ వారమంతా ల్యాబులో పిల్లలు ఏమడిగినా కసురుకున్నాను. నాకు దుర్గ కావాలి. ఆమె లేని రోజులు ఎలా ఉంటాయో ఊహించబోతే, నాలాంటి కథలు రాసేవాడికి కూడా ఊహ అందలేదు.

విదియ వచ్చింది. తొమ్మిదికి నాలుగు ఘడియలు కలిపితే పదిన్నర దాటాక పోటు. లెక్క వచ్చింది, ధైర్యమే రాలేదు. ఎనిమిదింటికే రేవులో కూర్చున్నాను. దుర్గ వచ్చి, నన్ను చూసి, మొహం తిప్పుకుని అవతల నిలబడింది.

పదీ నలభైకి బోటు మొగ దాటింది. గంగన్నగారు ఒడ్డున కాలు పెట్టాడో లేదో ఎదురెళ్ళాను.

"గంగన్నగారూ, నాగాయలంక వాళ్ళకి మాటివ్వకండి. దుర్గని నేను చేసుకుంటాను."

బోటులో వాళ్ళు వలలు లాగడం మానేశారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మీరు పొలాలోళ్ళు. మీ అమ్మగారు ఒప్పుకుంటారా?"

"ఇప్పుడే అడుగుతానండీ." అమ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "అమ్మా, గిలకలదిండి గంగన్నగారి అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానే."

 గంగన్నగారు నా మొహమే చూస్తున్నాడు.

"ఒరేయ్," అంది మా అమ్మ సూర్యకుమారి, "ఆరు వారాలపాటు కథ కోసమని వెళ్ళి చేపలు తెచ్చావు. ఆ మాత్రం తెలీదనుకున్నావా? మీ మావయ్యలు గొడవ చేస్తారు. చేస్తే చెయ్యనీ, నేను చూసుకుంటాను. నాలుగు రోజులాగి నన్ను తీసుకెళ్ళు. మనమే వెళ్ళి అడగాలి."

గంగన్నగారి మీసాల కింద నవ్వు కదిలింది. "సరే. మరి పిల్లనడిగావా?"

 అమ్మనడిగాను, ఆయన్నడిగాను, బోటులో ఎనిమిదిమందికి వినపడేలా అడిగాను. అడగాల్సిన మనిషిని తప్ప!

దుర్గ దగ్గరికి నడిచాను. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"దుర్గగారూ, ఆ రోజు భయపడి పిచ్చి మాట అన్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను చేసుకుంటారా?"

"వారం రోజులు ఏడిపించారు," అందామె.  "ఆ నాగాయలంక అబ్బాయి ఫోటో చూసినప్పుడల్లా మీ మీద కోపమొచ్చింది. మిమ్మల్ని తప్ప ఎవర్నీ చేసుకోలేనని నాన్నతో ఇవాళ నేనే చెప్దామని వచ్చాను. మీరు ముందొచ్చి కూర్చున్నారు."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఇంకా అనుమానమా? ఒప్పుకున్నాను!"

బోటు మీంచి ఎవరో ఈల వేశారు. గంగన్నగారు ఫోన్ తీసి నాగాయలంక వాళ్ళ నంబరు వెతుక్కుంటూ, "ఏం చూస్తున్నావ్ అల్లుడూ, వచ్చి ఆ బుట్టందుకో," అని కేకేశాడు.