పూరకనేత్రం చూపిన వెచ్చదనం

కాలిస్టో నగరంలో గోడవైపు ఓసారి చూడనిదే ఎవరూ టిఫిన్‌కు కూర్చోరు. భోజనశాల గోడమీది తెరలో ఎర్రటి మరకలు ఆరు కదులుతుంటాయి. గురుగ్రహపు మరో చందమామ యూరోపాలో, నౌక పాడై తిరిగి రాలేక మంచు తవ్వి చేసుకున్న ఆశ్రయంలో చిక్కుకున్న ఆరుగురి ఒంటివేడి అది. వాళ్ల రేడియో మూగబోయి ఏడాది దాటింది. పైన కక్ష్యలో తిరుగుతున్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఒక్కటే వాళ్ల కబురు చెబుతోంది.

"ఇవాళ మీ తమ్ముడు తెగ తిరుగుతున్నాడమ్మా," అని పలకరించేవారు సెన్సర్లు పరీక్షించే కాత్యాయనిని. పొడుగాటి మరక ప్రణీత్‌దేనని అందరూ ఎప్పుడో తేల్చేశారు. ఆమె కూడా దాన్నే చూసి, కడుపు నిండినట్టై పనికి వెళ్లేది.

రక్షణనౌక సిద్ధంగానే ఉంది. కానీ యూరోపా చుట్టూ ఉన్న రేడియేషన్‌లోకి మనుషుల్ని పంపడం మాటలు కాదు. నగరసభ జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు తెర చూపించి, "బాగానే ఉన్నారుగా, తొందరేముంది?" అనేవారు. ప్రయాణం వాయిదా పడేది.

ఆ కెమెరాలోని సెన్సర్ పేరు పూరకనేత్రం. రేడియేషన్‌లోని ప్రోటాన్లు తగిలితే మామూలు సెన్సర్‌లోని పిక్సెళ్లు, అంటే చూసే చుక్కలు, ఒక్కొక్కటే గుడ్డివైపోతాయి. పూరకనేత్రం మాత్రం గుడ్డి చుక్క చోట ఏముండాలో పక్కచుక్కల్నీ పాత చిత్రాల్నీ బట్టి ఊహించి నింపుకుంటుంది. రేడియేషన్ పరీక్షల్లో ఎప్పుడూ నెగ్గేది. రేడియేషన్ తగిలితే బొమ్మ చెదురుతుందా, లేదా అన్నదే ఆ పరీక్ష.

కెమెరాను ఇంకో ఏడాది వాడవచ్చో లేదో తేల్చమని సభ కాత్యాయనికి అప్పగించింది. ఆమె అలాంటిదే ఇంకో సెన్సర్ తీసుకుని, ఎదురుగా ఆరు వేడి తీగలు కదిలేలా అమర్చి, కొన్ని వారాలు చూడనిచ్చింది. తర్వాత, పైనున్న కెమెరా ఇప్పటిదాకా తిన్నంత రేడియేషన్‌ను ప్రోటాన్ పుంజంతో దానిమీద కురిపించింది. బొమ్మ చెక్కుచెదరలేదు. తృప్తిగా తీగల కరెంటు ఆపేసింది.

తెరమీద ఆరు మరకలూ కదులుతూనే ఉన్నాయి.

వేడి ఆరలేదేమో అనుకుని కాసేపు ఆగింది. ఆ తర్వాత సెన్సర్‌కు అడ్డంగా చల్లటి నల్ల పలక పెట్టింది. అయినా మరకలు పోలేదు. ఒకటి ఇంకో దాని పక్కకు జరిగి, కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఆగింది. కాత్యాయని సభాధ్యక్షుడికి కబురు పంపింది.

సభాధ్యక్షుడు రఘూత్తమ్ పలకను తనే తీసి పెట్టి చూశాడు.

"అయితే వాళ్లు..."

"తెలియదు సర్. చచ్చిపోయారని దీనర్థం కాదు. ఆ కెమెరాకు ఎప్పుడు చూపు పోయిందో మనకు తెలియదు, అంతే. నౌక పంపించండి."

మర్నాడు సభలో ఆమె అంతా చెప్పింది. తెర ఆపేశారు. ఎవరో ఏడ్చారు. వెనక వరసలోంచి ఒకాయన లేచి, మెల్లగా అన్నాడు: "ఏడాదిపాటు ఆ మంచులో ఎవరు బతుకుతారమ్మా? పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లను చంపుకుంటామా?"

తలలు ఊగాయి. చేతులెత్తించారు. రక్షణనౌకను పక్క చందమామ గనీమీడ్ గనుల సరుకు రవాణాకు ఇచ్చేయాలని తీర్మానమైంది.

కాత్యాయని రఘూత్తమ్‌ను నడవాలో ఆపింది.

"నిన్నటిదాకా బతికున్నారు కాబట్టి తొందర లేదన్నారు. ఇవాళ బతికుంటారో లేదో తెలియదు కాబట్టి అవసరం లేదంటున్నారు. ఆ తెరమీద ఏం కనపడితే వెళ్లేవారు సర్?"

ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఏం కనపడినా వెళ్లేవాళ్లం కాదేమో, కాత్యాయనీ," అన్నాడు. "నువ్వు పలక పెట్టి చూసింది సెన్సర్‌ను ఒక్కదాన్నే కాదు, మమ్మల్ని కూడా."

నాలుగు రోజులకు నౌక బయలుదేరింది. ఆమె కిటికీ దగ్గర నిలబడి చూసింది. అది యూరోపా ఉన్న వైపు కాక గనీమీడ్ వైపు తిరిగి, కాసేపు మెరిసి, కనుమరుగైంది. సరుకు బాగా వస్తుందని వెనకాల ఎవరో మాట్లాడుకుంటున్నారు.