రెండో తారీఖు చప్పుడు

ఆరు టన్నుల ప్రెస్సు మాయమైంది.

1993 మార్చి 4, గురువారం. మధ్యాహ్నం ఒంటిగంటా పది. కామా నది ఒడ్డున గిన్నెల ఫ్యాక్టరీ. మూడో షెడ్డులో, రేకుని గిన్నెలుగా నొక్కే ప్రెస్సు ఉండాల్సిన కాంక్రీటు దిమ్మె మీద నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రం మిగిలాయి.

పోలీసు కెప్టెన్ గ్లెబ్ సావిచ్ రంధ్రాల్లోకి తొంగిచూశాడు. సూది పోతే గడ్డిలో వెతకాలి. ఏనుగు పోతే ముందు మావటివాణ్ణి వెతకాలి.

మావటివాడు పక్కనే ఉన్నాడు. డైరెక్టర్ ఆర్నోల్ద్ కుజ్మిచ్. కొత్త సూటు, కొత్త సెంటు.

"ఐదింటికి ఫ్యాక్టరీ వేలం, గ్లెబ్ సావిచ్. ప్రెస్సు లేని ఫ్యాక్టరీని ఎవడు కొంటాడు? పాత ఇనుము రేటే."

"మరి నాలుగువందల పన్నెండు మంది పనివాళ్ళు?"

"రోడ్డే. ఏం చేస్తాం? ఎవరూ రాకపోతే నేనే కొని ఈ బరువు మోస్తాను."

'మోస్తాను'కీ 'మోసం'కీ ఎంత దగ్గర చుట్టరికమో! అనుకున్నాడు కెప్టెన్.

"దొంగతనం ఎప్పుడు?"

"మంగళవారం రాత్రి."

"అంత ఖాయంగా?"

"మంగళవారం రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ప్రెస్సు నడిచిందండీ, పోయింది ఆ తర్వాతే. ఆ మోత నేనూ విన్నాను, వాచ్‌మనూ విన్నాడు. నిన్న జిల్లా నుంచొచ్చిన మీవాళ్ళు స్టేట్‌మెంట్ రాసుకున్నారు కూడా."

కెప్టెన్ గేటు రిజిస్టర్ తిరగేశాడు. సోమవారం నుంచి ఒక్క లారీ లోపలికి రాలేదు, ఒక్కటీ బయటికి పోలేదు.

క్యాంటీన్‌లో ఫైనా ఎగోరొవ్నా టీ తాగుతూ మేజోడు అల్లుతోంది. ముప్ఫై ఒక్కేళ్ళు ఆ ప్రెస్సు నడిపిన మనిషి.

"ఫాయా పిన్నీ, మీకు రేకు ఎప్పుడొస్తుంది?"

"ఎప్పుడొస్తుందేమిట్రా, పోలీసువైతే మతి పోయిందా? నెలనెలా ఇరవయ్యో తారీఖున. మీ అమ్మ బతికున్నప్పుడూ అంతే."

"ప్రెస్సు దొరక్కపోతే?"

సూదులు ఆగాయి. "మీ బాబాయికి మందులు ఆగుతాయి."

కెప్టెన్ ఆవరణంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. మూడూ నలభైకి అందరినీ ఫ్యాక్టరీ ఆవరణలోని శిశువిహార్ ముందు నిలబెట్టాడు. హీటర్లు పాడయ్యాయని సోమవారమే పిల్లల్ని ఇళ్ళకి పంపేసి తాళం వేశారు.

"ఆర్నోల్ద్ కుజ్మిచ్, మంగళవారం తారీఖెంత?"

"రెండు."

"ఈ ఊళ్ళో నెల ఎలా నడుస్తుందో మరిచిపోయారా? మొదటి పది రోజులు కునుకు. తర్వాతి పది రోజులు టీ. ఆఖరి పది రోజులు పరుగు. నది పేరే కామా. ఇరవయ్యో తారీఖు దాకా పనికీ కామాయే! రెండో తారీఖున, రేకు ముక్క లేకుండా, ప్రెస్సు ఏం నొక్కింది? గాలినా?"

డైరెక్టర్ సూటు దులుపుకున్నాడు.

"మార్కెట్ వ్యాపారం నేర్పే కోర్సుకెళ్ళి, ఫ్యాక్టరీలు రోజూ పనిచేస్తాయని నేర్చుకొచ్చారు. అబద్ధం కూడా ఆ పుస్తకంలోంచే ఆడారు. మీరు విన్నది ప్రెస్సు మోత కాదు, ప్రెస్సుని మోసుకుపోతున్న మోత. గేటు దాటలేదు కాబట్టి లోపలే ఉంది. ఈ వెనక గోడ పగలగొట్టి మళ్ళీ కట్టారు, సిమెంటింకా పచ్చి. ఇంత మంచులో గోడ కట్టేదెవడు? దాచేవాడు!"

తాళం పగలగొట్టారు.

చిన్న చిన్న మంచాలు ఒక మూలకి కుప్పగా తోసేసి ఉన్నాయి. కొన్ని విరిగాయి. మధ్యలో ప్రెస్సు. దాని నూనె పిల్లల దుప్పట్ల మీదికి కారుతోంది.

కెప్టెన్ బయటికొచ్చి ఉమ్మేశాడు. ప్రైవేటీకరణట! ప్రైవేటు హరణ.

డైరెక్టర్ మాత్రం తేలిగ్గా నవ్వాడు. "దొరికిందిగా! భద్రంగా ఉండాలని నేనే జరిపించాను. ఫిర్యాదు ఇచ్చింది నేను, వాపసు తీసుకుంటున్నదీ నేనే. పోయిందని ఏడ్చేవాడు లేనప్పుడు కేసేమిటి? ఇది అందరిదీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదు." గొంతు తగ్గించాడు. "మీకూ ఒక వాటా ఉంటుంది లెండి."

"వాటా పడేసి నన్ను వేటాడదామనా?"

కానీ కాగితం మాట నిజమే. ఫిర్యాది లేకుండా, ఐదింటిలోగా వేలం ఆపించే దారి కెప్టెన్‌కి కనిపించలేదు. నాలుగు దాటింది. ఫారం తీశాడు. 'ఎవరి సొత్తు' అన్న గడి ఖాళీగా ఉంది.

"ఎవరిదని రాయను?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాళ్ళ నోట ఒకటే మాట: మన ప్రెస్సు, మన ఫ్యాక్టరీ. 'నాది' అన్నవాడు ఆ కమ్యూనిస్టు రోజుల్లో నేరస్థుడు.

ఫైనా ఎగోరొవ్నా చేతిసంచీలోంచి మడతలు పడ్డ కాగితం తీసింది. పనివాళ్ళందరికీ పోయిన నెల పంచిన ఫ్యాక్టరీ వాటా పత్రం.

"రాసుకో, గ్లెబూ." కాగితం అతని చేతిలో పెట్టింది. "నాది."

డైరెక్టర్ పకపకా నవ్వాడు. "నీ వాటాకి అందులో ఒక్క బోల్టు వస్తుందే, ముసలమ్మా!"

"ఆ బోల్టే రాసుకో నాయనా. నా బోల్టు ఈయన దొంగిలించాడు."

కెప్టెన్ రాశాడు. నాలుగూ పన్నెండు. ఆమె సంతకం చేసింది, ఒక్క అక్షరం వంకర పోలేదు.

ఆ వెనక ఎవరో దగ్గారు. క్రేన్ డ్రైవరు టోపీ తీసి, తన వాటా పత్రం పట్టుకుని, ఆవిడ వెనక నిలబడ్డాడు. అతని వెనక ఇద్దరు వంటవాళ్ళు. ఇంకో నిమిషానికి గేటు దాకా జనం.

ఆలస్యంగా పరిగెత్తుకొచ్చిన పెయింటరు ఆయాసపడుతూ అడిగాడు:

"లైన్లో ఆఖరెవరండీ?"