యుల్దాష్ పళ్ళెం

పొద్దున్నే వాకిలి ఊడవడం ఆ ఇంట్లో కోడలి పని. ఊడుస్తూ గొంతు సాధన చేయడం మాత్రం మహ్ఫూజా తనంతట తాను నెత్తికెత్తుకున్న పని. ద్రాక్షపందిరి కింద నీళ్ళు చల్లి, చీపురు పట్టుకుని, పెదవులు బిగించి సన్నగా మూలుగుతూ ఉంటుంది. మర్గిలాన్ పట్నంలోని ఆ వీధిలో పట్టు మగ్గాల చప్పుడుకంటే ముందు వినిపించేది ఆ మూలుగే.

"మీరు దూడను కొన్నారా అని పక్కింటావిడ అడిగింది" అంది అత్తగారు హోసియత్, టీ నీళ్ళు కాచే సమోవార్‌లో నిప్పు రాజేస్తూ. "కొనలేదు, కోడలిగా తెచ్చుకున్నామని చెప్పాను."

మహ్ఫూజా నవ్వి మళ్ళీ మూలుగు అందుకుంది. అత్తగారి ఎత్తిపొడుపులు ఆమెకు అలవాటే.

మంగళ, శుక్రవారాల్లో ఆమె సంస్కృతి భవనంలో రానో టీచరు దగ్గర పాట నేర్చుకుంటోంది. పెళ్ళికి ముందే భర్త దిల్మురాద్ ఒప్పుకున్న విషయం అది. అతను మాట తప్పలేదు, కాకపోతే తల్లి ఎదుట ఆ మాట ఎత్తేవాడు కాదు. రానో టీచరు ఒక్క పద్ధతికి కట్టుబడే మనిషి కాదు. పియానో పక్కన నిలబెట్టి ఒపేరా వాళ్ళు ఊపిరి ఎలా పడతారో నేర్పింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు పాడే పాటలు నేర్పింది. మైకు చేతికిచ్చి వేదిక మీది పాటలూ పాడించింది. ఏడాది తిరిగేసరికి తేలిందేమిటంటే, మహ్ఫూజా నోరు తెరిస్తే మైకు కీచుమంటుంది.

"నీది ఆరుబయటి గొంతు. నీకు పెద్ద పాటే సరి" అని టీచరు తేల్చేసింది. ఆ పాట తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని బస్సెక్కి ఇంత దూరం రావడమెందుకని కూడా అడిగింది.

ఆ మనిషి మామగారు తుర్దియలీ. పెద్ద పాటకు వాయిద్యం ఉండదు. ఇద్దరు పాటగాళ్ళు చెరొక పింగాణీ పళ్ళెం చెంప పక్కన పట్టుకుని, గొంతును దాని అంచు మీదుగా దూరానికి వదులుతారు. ఒకరు ఒక చరణం పాడి ఆపితే, రెండోవారు ఇంకా పైనుంచి అందుకోవాలి. అందుకోకపోతే అంతకు మించిన అవమానం లేదు. తుర్దియలీ, ఆయన స్నేహితుడు యుల్దాష్ ముప్పై ఎనిమిదేళ్ళు అలా కలిసి పాడారు. యుల్దాష్ పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి తుర్దియలీ పాడలేదు. స్నేహితుడి మీద బెంగ అనుకుని, ఇంట్లో ఆ పాట ఊసెత్తవద్దని హోసియత్ అందరినీ కట్టడి చేసింది.

అందుకే మామగారిని అడగలేక మహ్ఫూజా ఆ పాట కూడా టీచరు దగ్గరే మొదలుపెట్టింది. ఎవరి పళ్ళెం వాళ్ళు తెచ్చుకోవాలని టీచరు చెప్పింది. రోజూ తినే పళ్ళెం తీస్తే భోజనాల వేళ ఒకటి తక్కువవుతుందని, గూట్లో ఎవరూ ముట్టని నీలిపువ్వుల పళ్ళెం సంచిలో పెట్టుకుంది. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

ఆ శుక్రవారం సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. తుర్దియలీ పలావు ముట్టుకోలేదు.

"గూట్లో పళ్ళెం ఏదీ?" అన్నాడు.

మహ్ఫూజా సంచిలోంచి తీసి ఎదురుగా పెట్టింది. అది యుల్దాష్ పళ్ళెమని ఆయన చెబితేనే ఆమెకు తెలిసింది. హోసియత్ ముఖం ఎర్రబడింది. చచ్చిపోయినవాడి వస్తువు ఊరంతా తిప్పావా అంది, పుట్టింట్లో ఇదే నేర్పారా అంది, చివరికి మంగళవారం నుంచి పాటా లేదు పాఠమూ లేదని తీర్పు చెప్పి కొడుకు వైపు చూసింది. దిల్మురాద్ చేతిలోని రొట్టెను తుంచి తుంచి పిండి చేస్తున్నాడు.

"అడక్కుండా తీయడం నా తప్పే అత్తయ్యా" అంది మహ్ఫూజా. "ఏమన్నా పడతాను. పాట మాత్రం మాననండి. మామయ్య దుఃఖం పెద్దదే, కాదనను. దానికోసం నా నోరు కుట్టేస్తే ఎలా?"

"దుఃఖం కాదు" అన్నాడు తుర్దియలీ.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన పళ్ళెం మీది పువ్వులు చూస్తూ చెప్పుకొచ్చాడు. అది ఒక పెళ్ళిలో తెల్లవారుజామున పెట్టే పలావు విందు. ఇంటివాళ్ళు మైకు తెచ్చి పెట్టారు. యుల్దాష్ పళ్ళెం కింద పెట్టి మైకు అందుకున్నాడు. ఇన్నేళ్ళ కట్టుబాటు తుంగలో తొక్కాడని తుర్దియలీకి ఒళ్ళు మండింది. యుల్దాష్ చరణం పాడి, ఆపి, ఇటు చూశాడు. తుర్దియలీ తన టీ గిన్నెలోకి చూశాడు. కాసేపు ఎదురుచూసి యుల్దాషే అందుకోబోయాడు, సగంలో గొంతు తెగిపోయింది. అవమానంతో లేచిపోయే తొందరలో యుల్దాష్ మరిచిపోయిన పళ్ళెం ఇది. కోపం చల్లారాక ఇద్దామని తుర్దియలీ ఇంటికి తెచ్చాడు. చల్లారేలోపే యుల్దాష్ పోయాడని కబురు వచ్చింది.

"వాడికి అప్పటికే ఊపిరి అందడం లేదట. అందుకని మైకు పట్టుకున్నాడు. వాడు చెప్పలేదు, నేను అడగలేదు."

"మూడేళ్ళు నాక్కూడా చెప్పలేదు మీరు" అంది హోసియత్ మెల్లగా. కోపమంతా ఎటో పోయింది.

మహ్ఫూజా పళ్ళెం తీసుకుంది. చెంప పక్కన పట్టుకుని, ఆ రోజు నేర్చుకున్న చరణం ఎత్తింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. చివరిదాకా లాగి, ఆపవలసిన చోట ఆపి, మామగారి వైపు చూసింది.

తుర్దియలీ పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. ఆయన తల వంచేసుకున్నాడు.

హోసియత్ అందుకుంది. జోలపాట తప్ప మరో పాట పాడని మనిషి, కానీ ముప్పై ఎనిమిదేళ్ళు గోడ అవతలనుంచి ఆ పాట విన్నది. మాటలన్నీ సరిగ్గా ఉన్నాయి, రాగం ఒక్కటే లేదు. సగంలో ఏడుపు వచ్చినా వదలకుండా లాగుతోంది.

"అంత కిందనుంచి కాదే" అన్నాడు తుర్దియలీ.

అని, పైనుంచి అందుకున్నాడు. గొంతు గరగరలాడింది, అయినా అందవలసిన చోటికి అందింది. పాట అయ్యాక రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. హోసియత్ జరిగి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. దిల్మురాద్ అందరికీ టీ పోశాడు. ఆ ఇంట్లో మగవాడు టీ పోయడం అదే మొదటిసారి, ఎవరూ గమనించలేదు.

చాలాసేపటికి తుర్దియలీ పళ్ళేన్ని చొక్కా అంచుతో తుడిచి కోడలి చేతిలో పెట్టాడు.

"మంగళవారం వెళ్ళు. ఇది తీసుకెళ్ళు."

"సరే మామయ్యా."

"ఆ మైకుతో ఎలా పాడాలో కూడా సరిగ్గా నేర్చుకో" అన్నాడు ఆయన. "వచ్చి నాకు నేర్పు."