పాలలో కలిపిన మాత్ర

ఇంటర్వెల్ బెల్ మోగిందో లేదో, బొంగరం మెట్ల దగ్గరున్న కిటికీకి పరుగెత్తింది.

ఆ పిల్లకు బొంగరం అని పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. నడక అనేది ఆమెకు తెలియదు, అంతా పరుగే. ఒకచోట కుదురుగా కూర్చోదు. భోజనం కూడా సగం నిలబడే తింటుంది. హాజరు పిలిచేటప్పుడు తప్ప టీచర్లు కూడా ఆమెను ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ కిటికీలోంచి చూస్తే రెండు వీధుల అవతల కడుతున్న పెద్ద భవనం కనిపిస్తుంది. దాని పక్కన ఆకాశంలోకి లేచిన పసుపుపచ్చ క్రేను. క్రేను చిటారున అగ్గిపెట్టెంత గది. ఆ గదిలో కూర్చుని క్రేను నడిపేది బొంగరం వాళ్ళ నాన్న.

"అదిగో! మా నాన్న ఇనప కడ్డీల కట్ట ఎత్తుతున్నాడు చూడు" అంది.

పక్కనే ఉన్న సోడాబుడ్డి తల తిప్పలేదు. వాడి కళ్ళద్దాల మందం చూసి పెట్టిన పేరది. వాడి ఒక చేతిలో నీళ్ళ సీసా, ఇంకో చేతిలో మాత్ర ఉన్నాయి. వాడికి ఫిట్స్ వస్తుంటాయి. అవి రాకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఆ రోజు ఇంట్లో మరిచిపోతే, వాళ్ళమ్మ బడికి తెచ్చి టీచర్ చేతికిచ్చి వెళ్ళింది.

"ఎంత లావుందో చూశావా? మింగుతుంటే గొంతులో లారీ దిగినట్టుంటుంది" అన్నాడు దిగులుగా.

"ఓస్, అంతేనా? ఇలా ఇవ్వు, స్కేలుతో నలిపి పొడి చేసేస్తా. నీళ్ళలో కలుపుకుని గటగటా తాగెయ్. పొద్దున మా నాన్నకి అలాగే చేశా."

సోడాబుడ్డి గబుక్కున మాత్రను గుప్పిట్లో దాచుకున్నాడు.

"అమ్మో! దీన్ని నలపకూడదు. కొరకనూ కూడదు."

"ఏం, పేలుతుందా?"

"నవ్వకు. ఇది కడుపులోకి వెళ్ళాక కొంచెం కొంచెంగా మందు వదులుతుంది. రోజంతా, కుళాయి సన్నగా తిప్పినట్టు. నలిపేశామనుకో, మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. బకెట్టు నెత్తిన బోర్లించినట్టు. ఎప్పుడూ నలపనని మా డాక్టర్ గారు నాతో ఒట్టేయించుకున్నారు."

చెప్పి, మాత్ర నోట్లో వేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మింగేశాడు. "అన్ని మాత్రలూ ఇలాంటివి కావులే. మీ నాన్నది ఏ మాత్ర?"

"బీపీ మాత్ర. రోజుకి ఒక్కటే. పొద్దున వేసుకుంటే మర్నాటిదాకా..."

మాట సగంలోనే ఆగిపోయింది. అది మర్నాటిదాకా పనిచేసే మాత్ర!

పొద్దున జరిగిందంతా కళ్ళముందు తిరిగింది. నాన్నకు గొంతు వాచింది. మంచినీళ్ళు దిగడమే కష్టంగా ఉంది. మాత్ర నోట్లో వేసుకోబోయి, వద్దులే అని మానేశాడు. "టీ టైంలో వేసుకుంటాలే. అప్పటికి గొంతు కాస్త సర్దుకుంటుంది" అని మందు అట్టను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అమ్మ అప్పటికే కుట్టు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "నాన్న మాత్ర వేసుకునేలా చూడవే, మరిచిపోతాడు" అని బొంగరానికి మరీమరీ చెప్పింది.

అందుకే నాన్న స్నానానికి వెళ్ళగానే ఆ జేబులోంచి అట్ట తీసి, ఒక మాత్ర ఒలిచి, అట్టను మళ్ళీ జేబులోనే పెట్టేసి, మాత్రను గరిట వెనక్కి తిప్పి నూరి, వేడి పాలలో కలిపింది. నాన్న ముఖం చిట్లించుకుంటూనే తాగాడు. "ఏంటే ఇంత చేదు?" అంటే, "గొంతు బాగాలేకపోతే అన్నీ చేదుగానే ఉంటాయి" అంది. సాయంత్రం అసలు సంగతి చెప్పి మెచ్చుకోలు కొట్టేద్దామనుకుంది.

కిటికీలోంచి చూసింది. కడ్డీల కట్ట గాలిలో ఆగిపోయి ఉంది. కాసేపటికి కదిలింది. మళ్ళీ ఆగింది. నాన్న అలా ఆపి ఆపి నడపడు. వాళ్ళ నాన్న ఎత్తితే గ్లాసులో నీళ్ళు కూడా తొణకవని అందరూ అంటారు.

బెల్ మోగింది. పిల్లలంతా బిలబిలమంటూ క్లాసులోకి వెళ్ళారు. బొంగరం కూడా వెళ్ళింది.

టీచర్ బోర్డు మీద లెక్క రాస్తున్నారు. బొంగరానికి ఒక్క అంకె కూడా కంటికి ఆనలేదు. 'ఏమీ కాదులే' అనుకుంది. 'సోడాబుడ్డికి ఏం తెలుసు? వాడిదీ నాన్నదీ ఒకటే మాత్రా ఏంటి?' అనుకుంది. చెబితే అమ్మ ఊరుకుంటుందా? క్లాసంతా నవ్వదూ? పని మధ్యలో నాన్నను కిందికి దింపితే ఆయన ఉద్యోగానికే ముప్పు వస్తేనో?

పుస్తకం తెరిచి, మళ్ళీ మూసేసింది.

అప్పుడు గుర్తొచ్చింది. టీ టైం! మాత్ర వేసుకోలేదనే అనుకుంటున్నాడు నాన్న. టీ టైంలో ఇంకొకటి వేసుకుంటాడు!

బొంగరం లేచి నిలబడింది.

"టీచర్, నాకు... నాకు కడుపునొప్పి. మా నాన్నకి ఫోన్ చేయాలి."

టీచర్ దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేశారు. "కడుపునొప్పికి ఇలా వణుకుతారా? ఏమైందమ్మా?"

క్లాసంతా తననే చూస్తోంది. నవ్వితే నవ్వుకోనీ అనుకుంది బొంగరం.

"అబద్ధం టీచర్. నొప్పి లేదు. మా నాన్న బీపీ మాత్ర నలిపి పాలలో కలిపేశాను. ఆయనకి తెలీదు. ఆయన క్రేను మీద ఉన్నారు."

ఎవరూ నవ్వలేదు. టీచర్ చేతిలోని చాక్‌పీసు పక్కన పడేసి, బొంగరం చెయ్యి పట్టుకుని ఆఫీసు గదికి పరుగులాంటి నడకతో తీసుకెళ్ళారు. నాన్న ఫోన్ స్విచ్ ఆఫ్. క్రేను నడిపేటప్పుడు ఫోన్ ఆపేయాలని అక్కడ రూలు. అమ్మ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"సిగ్నల్ బాబాయికి చేయండి టీచర్. నంబరు నాకు నోటికొచ్చు."

నాన్న క్రేనుకు కింద నిలబడి, వాకీటాకీలో 'ఎత్తు, దించు' అని చెప్పేది ఆ బాబాయే. రెండో రింగుకే ఎత్తాడు. అవతల మిక్సర్ల రొద. టీచర్ చెబుతుంటే సగం వినబడలేదు. ఆమె ఫోన్ బొంగరానికి ఇచ్చేశారు.

"బాబాయ్, నేను బొంగరాన్ని. పొద్దున నాన్న తాగిన పాలలో మాత్ర నలిపి కలిపాను. అది నలపకూడని మాత్ర. నాన్నకి ఏమైనా అవుతుంది. దింపెయ్ బాబాయ్!"

బాబాయి వాకీటాకీలో కేకపెట్టడం వినిపించింది. "అన్నా, ఎలా ఉంది నీకు?"

బరబరమంటూ నాన్న గొంతు వచ్చింది. "కళ్ళు తిరుగుతున్నాయిరా. రాత్రి దగ్గుతో నిద్రపట్టలా, దానివల్లే అయ్యుంటుంది. మాత్ర వేసుకుంటే సర్దుకుంటుందిలే. ఇదిగో, ఇప్పుడే చేతిలోకి తీసుకున్నా."

"వేసుకోవద్దు!" బొంగరం ఫోన్‌లోకి అరిచింది. "వేసుకోవద్దని చెప్పు బాబాయ్!"

"అన్నా, నోట్లో వేసుకోకు! పారెయ్! నీ కూతురు చెబుతోంది. పొద్దునే పాలలో మాత్ర కలిపిందట!"

వాకీటాకీ బరబర ఒకటే మిగిలింది. ఎంతసేపో అనిపించింది.

"...పారేశా" అన్నాడు నాన్న.

"మంచిది. ఇప్పుడు ఆ కట్టను మెల్లగా దించు. నేను చెబుతుంటా. అంతే, అంతే. ఇంకొంచెం. ఆఁ, నేల తాకింది. ఇక దేన్నీ ముట్టుకోకు. అక్కడే కూర్చో. నిచ్చెన వైపు వెళ్ళొద్దు, మనవాళ్ళు వస్తున్నారు."

ఫోన్ ఆగిపోయింది.

టీచర్ ఆమెను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. భుజం చుట్టూ చెయ్యి వేసి నిలబడ్డారు. క్రేను స్తంభం లోపల రెండు చుక్కలు పైకి పాకుతున్నాయి. అవి గదిలోకి దూరి కనబడకుండా పోయాయి. బొంగరం ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి మూడు చుక్కలు బయటికొచ్చాయి. నడిమి చుక్కకు తాళ్ళు కట్టారు. మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతున్నారు. ఒకచోట నడిమి చుక్క జారినట్టయింది. బొంగరం టీచర్ చీర కొంగును పిడికిట్లో బిగించింది. పైనున్న చుక్క, కిందున్న చుక్క రెండూ దాన్ని పట్టుకున్నాయి. మళ్ళీ కదిలారు.

నేల మీదికి చేరినప్పుడు గానీ ఆ పిల్ల ఊపిరి వదలలేదు.

టీచర్ వెంట ఆసుపత్రికి వెళ్ళేసరికి నాన్న మంచం మీద వాలిపోయి ఉన్నాడు. ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. చేతికి సెలైన్, ఛాతీకి వైర్లు. అమ్మ ఫ్యాక్టరీ నుంచి అట్నుంచటే వచ్చింది, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"మాత్ర పొడి చేసిందెవరు?" అడిగారు డాక్టరమ్మ.

అమ్మ అయోమయంగా చూసింది. బొంగరం ముందుకొచ్చింది. "నేనే."

"పాలన్నీ తాగారా?"

"గ్లాసులో అడుగున కొంచెం మిగిల్చారు. చేదుగా ఉందని."

"అదొక్కటీ నయమే" అన్నారు డాక్టరమ్మ. "బీపీ బాగా పడిపోయింది, గుండె నెమ్మదించింది. రెండో మాత్ర కూడా పడి ఉంటే మాత్రం మా చేతుల్లో ఉండేది కాదు. ఈ రాత్రికి ఇక్కడే ఉంచి చూస్తాం."

అమ్మ చెయ్యెత్తింది. ఆ చెయ్యి దెబ్బ వేయలేదు, కూతుర్ని దగ్గరికి లాక్కుంది. "చంపేసినంత పని చేశావు కదే" అంటూ ఏడ్చేసింది.

సాయంత్రానికి నాన్న కళ్ళు విప్పి మాట్లాడాడు. "ఏమే బొంగరం, పాలు అంత చేదుగా ఉంటే, నీ చేతి రుచే అంతేమో అని నోరు మూసుకుని తాగానే!"

బొంగరానికి నవ్వు రాలేదు. మంచం పట్టీ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"సరే, సరే. తర్వాత వేసుకుంటానని సాకులు చెప్పింది నేనేగా" అన్నాడు నాన్న ఆమె జుట్టు నిమురుతూ. "నన్ను అడిగి ఉంటే బాగుండేది. అయినా, అంతమందిలో లేచి చెప్పావటగా. మీ టీచర్ చెప్పారు."

పదిరోజులు గడిచాయి. నాన్న గొంతు నయమైంది, పనిలోకి కూడా వెళ్తున్నాడు. అట్టలో మాత్రలు అయిపోవస్తుంటే తండ్రీకూతుళ్ళు మందుల షాపుకి వెళ్ళారు. సాయంత్రం వేళ, వెనక పెద్ద వరుస ఉంది. షాపులో అక్క మాత్రల పొట్లం ఇచ్చింది. నాన్న అది జేబులో వేసుకుని తిరగబోయాడు.

బొంగరం కౌంటర్ పట్టుకుని అలాగే నిలబడింది.

"అక్కా, ఇది నెమ్మదిగా కరిగేదేనా?"

"అవునమ్మా."

"విరవకూడదు, నలపకూడదు కదా? మరి గొంతు నొప్పొస్తే ఏం చేయాలి? ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవచ్చా?"

"రెండు ఎప్పుడూ వద్దు. మింగలేకపోతే మాకో డాక్టర్ గారికో ఫోన్ చేయండి. వేరే రకం ఉంటాయి. సొంతంగా ఏమీ చేయొద్దు" అంది అక్క, అట్ట వెనక రాసి ఉన్నది వేలితో చూపిస్తూ.

వెనకున్న పెద్దాయన విసుక్కున్నాడు. "పాపా, కాస్త తొందరగా కానివ్వు. ఇక్కడ మాకూ పనులున్నాయి."

"ఇంకొక్కటే తాతగారూ" అని బొంగరం మళ్ళీ అక్క వైపు తిరిగింది. "అట్ట మీద రాసినది అర్థం కాకపోతే ఎలా తెలుస్తుంది?"

"వచ్చి నన్ను అడగాలి. ఇప్పుడు నువ్వు అడిగినట్టు."

పెద్దాయన ఇంకేదో అనబోయి ఆగాడు. చొక్కా జేబులోంచి ఒక చిన్న డబ్బా తీసి మూత విప్పాడు. అందులో సగం సగం విరిచిన మాత్రలు ఉన్నాయి.

"అమ్మాయ్" అన్నాడు షాపు అక్కతో, గొంతు తగ్గించి. "నేను వీటిని విరిచి, పొద్దున సగం, రాత్రి సగం వేసుకుంటున్నా. ఇవి... ఎలాంటివో కాస్త చూస్తావా?"

అక్క ముఖంలో నవ్వు మాయమైంది. డబ్బా అందుకుని లైటు కిందికి జరిగింది.

బొంగరం పక్కకు తప్పుకుని ఆయనకు చోటిచ్చింది.

"పద, ఇంటికెళ్దాం" అన్నాడు నాన్న.

"ఉండు నాన్నా" అంది. "తాతగారికి అక్క ఏం చెబుతుందో విని వెళ్దాం."