విగ్రహానికి దురద పుట్టింది

"కదిలావు!" అన్నారు నాటకం మాస్టారు.

"లేదు మాస్టారూ!" అంది తూనీగ.

"ఇప్పుడు నోరు కూడా కదిలింది. రాతి విగ్రహం ఎక్కడైనా జవాబు చెబుతుందా?"

హాల్లో పిల్లలంతా గొల్లున నవ్వారు. తూనీగ మళ్ళీ చెక్కపెట్టె మీద నిటారుగా నిలబడింది. కుడిచెయ్యి పైకి, గడ్డం ముందుకి, చూపు కిటికీ వైపు. కాసేపు అంతా బాగానే ఉంది. ఇంతలో సరిగ్గా నడినెత్తిన చీమ పాకినట్టయింది. ఆ చీమ చెవి వెనక్కి దిగింది. అక్కడినుంచి మెడ మీదికి వచ్చింది. అసలు చీమే లేదని తూనీగకి తెలుసు. తెలిస్తే ఏం లాభం? చెయ్యి దానంతటదే వెళ్ళి బరబరా గోకేసింది.

"కదిలావు!"

తూనీగ అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది. బయట దాంతో ఎవరికీ పనిలేదు. ఒక్కచోట కాలు నిలవని పిల్ల కాబట్టి అందరికీ తూనీగే. అలాంటి పిల్లకి విగ్రహం వేషం ఎవరైనా ఇస్తారా? నాటకం మాస్టారు ఇచ్చారు. ఎవరికి ఏది చేతకాదో వాళ్ళకి ఆ వేషమే ఇవ్వడం ఆయన పద్ధతి. తూనీగ పక్కన కూర్చునే పిల్ల నోరు విప్పితే పక్క క్లాసులో పాఠం ఆగిపోతుంది. ఆ పిల్లని అందరూ మైకు అంటారు. మైకుకి మూగ తోటమాలి వేషం ఇచ్చారు.

విగ్రహం వేషమంటే మాటలా! నాటకమంతా తోటలోనే జరుగుతుంది. రాణిగారి ఉంగరం పోతుంది. అందరూ అందరినీ అనుమానిస్తారు. దొంగ మాత్రం విగ్రహం ముందే ఉంగరాన్ని పూలకుండీలో దాస్తాడు. చిట్టచివర, ఎవరూ అనుకోని వేళ, విగ్రహం చెయ్యి దించి, "దొంగని నేను చూశాను!" అంటుంది. ఉన్నది ఆ ఒక్క మాటే. ఆ మాటకి హాలంతా అదిరిపోవాలి. తలుచుకుంటేనే తూనీగకి ఒళ్ళు ఝల్లుమనేది. కానీ అంతసేపూ రాయిలా నిలబడితేనే కదా ఎవరైనా అదిరేది? మధ్యలో గోక్కునే విగ్రహాన్ని చూసి ఎవరు అదురుతారు?

"ఇలాగే ఉంటే ఈ వేషం ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. ఆయన కోప్పడినా బాగుండేది.

క్లాసులోకి వెళ్ళాక మైకు ఆమె భుజం మీదికి వంగి చూసింది.

"ఏంటే ఇది? తెల్లగా రాలింది?"

నాలుగు బెంచీల అవతలి వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"సుద్దపొడి," అంది తూనీగ ఠక్కున. "ఇందాక బోర్డు తుడిచాగా!"

తుడవలేదు. అందుకని ఇకనుంచి తుడవక తప్పలేదు. ప్రతి పీరియడ్ అయిపోగానే అందరికంటే ముందు పరిగెత్తి డస్టర్ అందుకునేది. "ఎంత బాధ్యత గల పిల్లో!" అని టీచర్లు మురిసిపోయారు. పాపం వాళ్ళకేం తెలుసు? దులిపిన సుద్దంతా తల మీదే పడి, దురద ఇంకాస్త ముదిరింది. నిజం చెబుదామంటే భయం. పేలు పట్టాయనుకుంటారు. పక్కన కూర్చోవడం మానేస్తారు. పైగా మైకుకి చెప్పడమంటే ఊరంతా చాటింపు వేయించడమే.

తూనీగ వాళ్ళది లాండ్రీ. ముందు గదిలో షాపు, వెనక గదిలో నీళ్ళ తొట్లు, పైన ఇల్లు. అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర, నాన్న తొట్ల దగ్గర ఉంటారు. ఊహ తెలిసినప్పటినుంచీ తూనీగ అక్కడ చూసింది ఒక్కటే. మరక మొండిదైతే నీళ్ళు వేడిగా ఉండాలి, సబ్బుపొడి ఎక్కువ పడాలి, బ్రష్షు గట్టిదవ్వాలి. హోటల్ వంటవాళ్ళ ఏప్రాన్లూ, మెకానిక్కుల చొక్కాలూ అలా ఉతికితేనే దారికొచ్చేవి.

మరి తల మీంచి రాలుతున్నదీ మురికే కదా!

ఆ సాయంత్రం తూనీగ స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టింది. పొగలు కక్కే నీళ్ళు పట్టింది. షాపులోంచి గుప్పెట్లో దాచి తెచ్చిన సబ్బుపొడి నెత్తిన వేసుకుంది. బట్టలుతికే చిన్న బ్రష్షుతో బరబరా రుద్దింది. చేతులకీ మెడకీ కూడా పనిలో పనిగా అదే మర్యాద జరిగింది.

కడిగాక వేలితో లాగితే జుట్టు కిర్రుమంది. శుభ్రంగా తోమిన గిన్నె చప్పుడది!

"పోయింది! పోయింది!" అని తూనీగ తడి గచ్చు మీదే గంతులేసింది.

పొద్దున్నకి ఏదీ పోలేదు. నెత్తి బిగుసుకుపోయి, చుర్రుమంటోంది. చేతుల మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతోంది. భుజం మీద రాలే పొట్టు రెట్టింపయింది.

"ఓహో, ఇది చాలా మొండి మరక," అనుకుంది తూనీగ పళ్ళు బిగించి. ఆ సాయంత్రం నీళ్ళు ఇంకా వేడిగా పట్టింది. పొడి ఇంకో గుప్పెడు వేసింది. మర్నాడూ అంతే.

ఆ మర్నాడు బడికి వెళ్తూ తొట్ల గదిలోంచి పరిగెత్తబోయింది.

"ఆగు," అన్నాడు నాన్న. దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "ఈ వాసన నా ఏప్రాన్లది కదా. నీ నెత్తి మీదికెలా వచ్చింది?"

లాండ్రీవాడి ముక్కు ముందు అబద్ధం నిలుస్తుందా? తూనీగ నిలబడ్డచోటే ఏడ్చేసింది. డస్టర్ సంగతీ, బ్రష్షు సంగతీ, వేషం పోతుందన్న సంగతీ అన్నీ కలగాపులగంగా బయటపడ్డాయి. నాన్న జుట్టు పాయ తీసి చూశాడు. లోపల ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆయన మొహం వాడిపోయింది.

"ఒక్క మాట నాతో చెప్పకూడదుటే తల్లీ?" అని, చేతులు తుడుచుకుని వెంటనే తూనీగని తీసుకుని బయల్దేరాడు.

చర్మం డాక్టరమ్మ పెద్ద భూతద్దం పెట్టి తూనీగ తలంతా వెతికింది.

"పేలున్నాయా?" అంది తూనీగ ఊపిరి బిగబట్టి.

"ఒక్కటీ లేదు. మురికి అంతకన్నా లేదు. నీ చర్మం బాగా పొడిబారింది. అంతే. ఇది ఎవరికీ అంటుకోదు."

"మురికి కాదా? మరి ఎంత రుద్దినా పోదే?"

"నువ్వు రుద్దబట్టే పోలేదు! చర్మం మీద సన్నటి జిడ్డుపొర ఒకటి కాపలా ఉంటుంది. వేడినీళ్ళూ బట్టల సబ్బూ పెట్టి దాన్ని తరిమేశావు. ఇకనుంచి గోరువెచ్చటి నీళ్ళు. స్నానం త్వరగా ముగించాలి. తలకి నేనిచ్చే మెత్తటి షాంపూ. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. ఒంటి తడి పూర్తిగా ఆరకముందే ఈ క్రీము రాయాలి. గోళ్ళు తీసేసుకో. దురద పుడితే గోకకు, చల్లటి తడిగుడ్డ పెట్టి మెల్లగా నొక్కు."

"రేపటికి తగ్గిపోతుందా?"

డాక్టరమ్మ నవ్వింది. "కొన్ని వారాలు పడుతుంది. తొందరపెడితే అలుగుతుంది."

నాటకానికి అన్ని వారాలెక్కడున్నాయి! తూనీగ మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది.

నాన్న ఎవరిదో ఊలు స్వెటర్ ఉతకడానికి కూర్చున్నాడు. గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు మెత్తటి సబ్బు కలిపాడు. స్వెటర్‌ని ముంచి మెల్లగా నొక్కాడు. పిండలేదు. తువ్వాల్లో చుట్టి అద్దాడు. తూనీగ ఎన్నోసార్లు చూసిన పనే. ఈసారి ఆమె కళ్ళు ఇంతలేసి అయ్యాయి.

"నాన్నా! డాక్టరమ్మ చెప్పింది ఇదే! అచ్చం ఇదే! నా తల ఊలు స్వెటరు! నేను దాన్ని మెకానిక్కు చొక్కా ఉతికినట్టు ఉతికేశాను!"

నాన్న నవ్వలేక నవ్వాడు. "నయం, ఇస్త్రీ చెయ్యలేదు."

ఇస్త్రీ బల్ల దగ్గర అమ్మకి నవ్వు ఆగలేదు. ఆ సాయంత్రం అమ్మ తన చేత్తోనే గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఒళ్ళు అద్ది, క్రీము రాసింది. చాలా రోజుల తర్వాత తూనీగ ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

మర్నాడు రిహార్సల్ మొదలవక ముందు మైకు డస్టర్ పట్టుకొచ్చింది.

"ఇదుగో. ఇవాళ బోర్డు తుడవలేదేం?"

తూనీగ డస్టర్ అందుకోలేదు. మైకు చెవి దగ్గరికి వంగింది. "అది సుద్దపొడి కాదే. నీకు అబద్ధం చెప్పాను. నా తల పొడిబారి పొట్టు రాలుతోంది. డాక్టరమ్మ చూసింది, ఎవరికీ అంటుకోదట. మెల్లగా మాట్లాడు, నీకు దణ్ణం పెడతా!"

మైకు బుద్ధిగా తలూపింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తనకి చేతనైనంత గుసగుసగా అంది.

"అయితే పేలు కావన్నమాట!"

హాలు హాలంతా ఇటు తిరిగింది. మాస్టారి చేతిలో కాగితాలు ఆగిపోయాయి. భూమి బద్దలైతే దూరిపోదామనిపించింది తూనీగకి.

ముందుగా దొంగ వేషం కుర్రాడు నోరు విప్పాడు. "మా తాతయ్యకీ అంతే. చలికాలమొస్తే కాళ్ళు గోక్కుంటూనే ఉంటాడు."

"నా మోచేతులు చూడండి," అంది రాణి. "ఇసక కాగితమే!"

మంత్రి మోకాళ్ళు చూపించాడు. ఇద్దరు భటులు చొక్కా చేతులు పైకి మడిచారు. ఎవరి చర్మం ఎక్కువ పొడిగా ఉందో పోటీ మొదలయ్యేలా ఉంటే మాస్టారు చప్పట్లు కొట్టి ఆపారు.

"నాతో ఎందుకు చెప్పలేదమ్మా? నీకు నిలబడటం రాదనే అనుకున్నాను."

"చెబితే వేషం తీసేస్తారని..." అంది తూనీగ. "ఇంకొకటుంది మాస్టారూ. విగ్రహం వేషానికి మొహాన పూసే రంగు కూడా వద్దంది డాక్టరమ్మ. దురద పుడితే గోకకూడదు, తడిగుడ్డతో నొక్కాలట. విగ్రహం తనకి తాను నొక్కుకోలేదు కదా. అందుకని... వేషం ఇంకొకరికి ఇచ్చేయండి."

మైకు ఒక్క గెంతు గెంతింది. "మాస్టారూ! తోటమాలి నేనే కదా! తోటమాలి విగ్రహాన్ని తుడవకూడదా?"

మాస్టారు మైకుని చూశారు. విగ్రహాన్ని చూశారు. ఆయన మీసాలు నవ్వాయి.

ఇక చూడాలి ఆ హడావిడి! సంకేతాలు తయారయ్యాయి. కుడికన్ను ఆర్పితే కుడివైపు దురద. ఎడమకన్ను ఆర్పితే ఎడమవైపు. రెండూ ఆర్పితే నడినెత్తి. రంగు బదులు నాన్న ఒక తెల్లదుప్పటికి చిక్కటి గంజి పెట్టి, మడతలు మడతలుగా ఆరబెట్టి రాతిశాలువా తయారుచేశాడు. వేలితో కొడితే టప్పుమంది. అది ఒంటికి తగలకుండా లోపల మెత్తటి నూలు చొక్కా.

నాటకం రోజు హాలు కిటకిటలాడిపోయింది. తెర లేచింది. తోట మధ్య తెల్లటి విగ్రహం. "నిజం విగ్రహమేనా?" అని ముందు వరసలో ఎవరో అన్నారు. తూనీగకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. వెయ్యలేదు.

ఉంగరం పోయింది. రాణి ఏడ్చింది. దొంగ పిల్లిలా అడుగులు వేస్తూ వచ్చాడు. సరిగ్గా అప్పుడే నడినెత్తిన చీమ పాకింది.

తూనీగ రెండు కళ్ళూ ఆర్పింది. మైకు అటు తిరిగి మొక్కలకి నీళ్ళు పోస్తోంది. మళ్ళీ ఆర్పింది. చీమ చెవి వెనక్కి దిగుతోంది. 'ఊలు స్వెటర్, ఊలు స్వెటర్,' అని మనసులోనే జపం చేసింది. మైకూ, ఒక్కసారి ఇటు చూడవే!

మైకు చూసింది. నీళ్ళ డబ్బా అక్కడే పడేసింది. దొంగని పక్కకి నెట్టి, స్టూలు ఈడ్చుకొచ్చి, ఎక్కి, విగ్రహం నెత్తిన చల్లటి తడిగుడ్డ పెట్టి మెల్లగా నొక్కింది. తర్వాత చెవి వెనక. తర్వాత మెడ. ఆఖరికి విగ్రహం ముక్కు కూడా తుడిచింది. దొంగ ఉంగరం పట్టుకుని నోరు తెరుచుకు చూస్తూ నిలబడిపోయాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మైకు ఒక్క మాట మాట్లాడలేదు. తూనీగ ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు.

చివరికి ఆ క్షణం వచ్చింది. విగ్రహం మెల్లగా చెయ్యి దించింది.

"దొంగని నేను చూశాను!"

హాలంతా ఉలిక్కిపడింది. ఎక్కడో ఒక పసిపాప కెవ్వుమంది. ఆ తర్వాత చప్పట్లు ఎంతకీ ఆగలేదు. వెనక వరసలో నాన్న బెంచీ ఎక్కి నిలబడి మరీ కొట్టాడు.

తెర వెనక మైకు ఇంతసేపూ ఆపుకున్న మాటలన్నీ ఒకేసారి మాట్లాడేస్తోంటే, చిన్న తరగతి పిల్ల ఒకతి మెల్లగా వచ్చి గంజి శాలువాని ముట్టుకుంది. తూనీగ జుట్టు వైపు వేలు చూపించింది.

"తెల్లగా ఉంది. సుద్దపొడా అక్కా?"

మైకు ఠక్కున నోరు మూసేసింది.

"కాదు," అంది తూనీగ. "నా తల చర్మం పొడిబారింది. మునుపటికన్నా చాలా నయం. ఎవరికీ అంటుకోదులే."

ఆ పిల్ల అటూ ఇటూ చూసింది. గౌను చెయ్యి పైకి జరిపింది. మోచేతి మడతలో ఎర్రగా, గోళ్ళ గీతలు.

"నాకూ దురదే. ఎవరికీ చెప్పలేదు."

తూనీగ వంగి, ఆ గీతలు పడ్డ చేతిని మెల్లగా తన చేతిలోకి తీసుకుంది.

"గోకకేం. మీ అమ్మ వచ్చిందా? ఏ వరసలో కూర్చుంది?"

"వెనక."

"పద, ఇద్దరం వెళ్ళి చెబుదాం."

రాతిశాలువా టపటపలాడుతుంటే, తూనీగ ఆ పిల్లని వెంటబెట్టుకుని మెట్లు దిగి జనంలోకి పరిగెత్తింది.