తూర్పు మూల మనీప్లాంటు

ఆ ఇంట్లో హాలుకి తూర్పు మూల మంచిది కాదన్న మాట వాటా వాటాకీ పాకిపోయింది. పనిమనిషి ఇల్లంతా ఊడ్చి, ఆ మూలకి రాగానే చీపురు గోడకానించి చక్కా పోయేది. చీకటి పడ్డాక అక్కడ నీళ్ళ చప్పుడు వినిపిస్తుందట… సన్నగా, ఆగి ఆగి, మట్టిలోకి ఇంకుతున్నట్టు. విన్నది విన్నట్టు చెప్పడమే మన పని. నమ్మకం మీది.

ఆ మూల అత్తగారిది. ఆవిడకి చైనా వాస్తు, అదే ఫెంగ్ షుయ్ పిచ్చి. సూదాకుల మొక్క మంచం వైపు చూడకూడదు, ఎండుటాకు కనబడితే వెంటనే తుంచెయ్యాలి, ఆరోగ్యం తూర్పు మూలలో ఉంటుంది… ఇలా చెప్పి చెప్పి ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ చక్కబెట్టింది. మామగారు గుండెపోటు నుంచి బతికి బయటపడ్డప్పుడు, ఆ మూలలో మనీప్లాంటు పెట్టి, "ఇది పచ్చగా ఉన్నన్నాళ్ళూ మీకేం కాదు" అంది. రోజూ స్టీలు గ్లాసుతో నీళ్ళు పోసి, ఆ గ్లాసు వంటింటి గట్టు మీద టంగుమని బోర్లించేది.

తీరా చూస్తే, ముందు పోయింది ఆవిడే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అని పక్కింటివాళ్ళు చాటున అనుకున్నారు.

మొక్క కోడలి పాలబడింది. ఆమెకి బేకరీలో కేకుల మీద క్రీము పూలు వేసే పని. దొంగ పూలు ఎన్నైనా పూయించగలదు గానీ, పని హడావిడిలో అసలు మొక్కకి నీళ్ళు మరిచిపోయింది. ఓ రోజు చూసుకునేసరికి తీగ ఎండి తాడులా వేలాడుతోంది.

మామగారికి తెలిస్తే — ఆ గుండె తట్టుకుంటుందా?

తీగని మొదలంటా కోసేసి, అదే కుండీలో ప్లాస్టిక్ తీగ గుచ్చింది. ఆయన చూపు ఎలాగూ మసకే. ఇంట్లో మూడో మనిషి ఆమె భర్త, అతనిది రాత్రి డ్యూటీ. గుట్టు దాగిందనుకుంది.

నీళ్ళ చప్పుడు మొదలైంది ఆ తర్వాతే.

దుప్పటి ముసుగేసుకుని వినేది. పొద్దున మట్టి ముట్టుకుంటే… తడి! ప్లాస్టిక్ మొక్కకి నీళ్ళెవరు పోస్తారు? అత్తయ్యే వచ్చింది, తన మొక్కని చంపానని కోపంతో వచ్చింది అనుకుని లోలోపల కుమిలిపోయింది.

ఒక రాత్రి ఇక ఉండబట్టలేక లేచింది. గోడ పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ హాల్లోకి వచ్చింది. చప్పుడు ఆగిపోయింది.

మూలలో — తెల్లగా — ఎవరో వంగి ఉన్నారు.

"ఎ… ఎవరు?"

"నేనేనమ్మా."

మామగారు! పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఎన్నాళ్ళ బెంగో ఒక్కసారిగా బయటపడింది. "క్షమించండి మామయ్యా… మొక్క చచ్చిపోయింది. అది ప్లాస్టిక్‌ది."

"తెలుసు తల్లీ." ఆయన మెల్లిగా నవ్వాడు. "మసకైంది కళ్ళకే గానీ వేళ్ళకి కాదుగా. నాకు తెలిసిందంటే నువ్వు బెంగపడతావని ఊరుకున్నా."

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ ముసలాయన మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. "తెలిసి కూడా రోజూ నీళ్ళెందుకు పోస్తున్నారు మామయ్యా?"

ఆయన గొంతు తగ్గించి అన్నాడు:

"నేనా? పోసేది నువ్వనుకున్నానమ్మా… చప్పుడైతే చూద్దామని ఇప్పుడే లేచొచ్చా."

ఆయన చేతులు ఖాళీ. ఆమె చేతులూ ఖాళీ.

ఆమె లైటు వేసింది. మట్టి మీద నీళ్ళు ఇంకా ఇంకలేదు. ప్లాస్టిక్ కాడ పక్కనే, కోసేసిన మోడు నుంచి, చుట్ట చుట్టుకున్న చిగురొకటి లేచి ఉంది. లేత పచ్చగా… నిజంది.

మామగారు వేలితో దాన్ని తడిమాడు. ఆ చెయ్యి అలాగే గుండె మీదకి వెళ్ళింది. కోడల్ని చూడలేదు. వంటింటి చీకటి వైపు తిరిగి, గుసగుసగా అన్నాడు:

"చాల్లేవే… ఇక పడుకో."

వంటింటి గట్టు మీద, టంగుమని, గ్లాసు బోర్లించిన చప్పుడైంది.